లెక్క తెలిసి కూడా నోరు మెదపని సేనాని: ఫ్రెడరిక్ పౌలస్

రెండవ ప్రపంచ యుద్ధం గురించి మనమంతా హైస్కూలు సాంఘికశాస్త్రంలో చదువుకున్నాం. పోటీ పరీక్షల గైడుల్లో అది నాలుగైదు బిట్లుగా మిగిలింది. 'స్టాలిన్‌గ్రాడ్‌లో లొంగిపోయిన జర్మన్ సేనాని ఎవరు?' అన్నది వాటిలో ఒకటి. జవాబు ఫ్రెడరిక్ పౌలస్. అంతటితో ఆ బిట్టు అయిపోతుంది, మనం తరువాతి ప్రశ్నకు వెళ్ళిపోతాం.

కానీ ఆ పేరు వెనుక దాదాపు 33 ఏళ్ళ సైనిక ఉద్యోగం ఉంది. రెండు ప్రపంచ యుద్ధాలున్నాయి. లక్షల మంది చావులున్నాయి. చదువులో, పనిలో, క్రమశిక్షణలో వంక పెట్టడానికి వీల్లేని మనిషి అంతటి వినాశనానికి ఎలా పనిముట్టు అయ్యాడు? ఈ ప్రశ్నకు జవాబు వెతుక్కోవడం చదువుకునే వాళ్ళందరికీ అవసరమని మేము భావిస్తున్నాం. అందుకే ఈ వ్యాసం.

స్టాఫ్ ఆఫీసర్ అంటే ఎవరు?

సైన్యంలో అధికారులు స్థూలంగా రెండు రకాలు. దళాన్ని ముందుండి నడిపించే కమాండర్లు ఒక రకం. ఆ కమాండర్ పక్కన ఉండి, మ్యాపులు, లెక్కలు, నివేదికలతో యుద్ధానికి పథకం వేసేవారు రెండో రకం. వీరినే స్టాఫ్ ఆఫీసర్లు అంటారు.

ఒక డివిజన్ అంటే పదిహేను వేల మందికి అటూ ఇటూగా ఉంటారు. వాళ్ళకు రోజూ తిండి కావాలి. తుపాకులకు తూటాలు, లారీలకు పెట్రోలు, గుర్రాలకు దాణా కావాలి. గాయపడిన వారిని వెనక్కి తీసుకురావాలి. ఏ దళం ఏ రోడ్డు మీద ఎన్ని గంటలకు కదలాలో ముందే రాసిపెట్టాలి. ఒకే వంతెన మీదికి రెండు దళాలు ఒకేసారి వస్తే యుద్ధం అక్కడే ఆగిపోతుంది. ఈ లెక్కలన్నీ చూసేది స్టాఫ్ ఆఫీసర్లే.

ఈ పద్ధతిని ఒక శాస్త్రంగా తీర్చిదిద్దింది జర్మనీలోని ప్రష్యా రాజ్యం. 19వ శతాబ్దం ఆరంభంలో నెపోలియన్ చేతిలో ఓడిపోయాక ప్రష్యా తన సైన్యాన్ని సంస్కరించుకుంది. ఆ సంస్కరణల్లోంచి పుట్టిందే జనరల్ స్టాఫ్. కఠినమైన పరీక్షలు నెగ్గిన కొద్దిమందికే అందులో చోటు దొరికేది. వారి ప్యాంటుకు పక్కల ఎర్రని చారలుండేవి. ఆ చారలంటే సైన్యం మొత్తానికీ గౌరవం. సలహా ఇవ్వడం, హెచ్చరించడం వారి విధి. తుది నిర్ణయం మాత్రం కమాండర్‌దే.

ఒక మామూలు ఉద్యోగి కొడుకు

పౌలస్ 1890 సెప్టెంబరు 23న జర్మనీలోని హెస్సే ప్రాంతంలో, గుక్స్‌హాగెన్ అనే చిన్న ఊరిలో పుట్టాడు. తండ్రి ఒక ప్రభుత్వ సంస్కరణాలయంలో జమాఖర్చులు చూసే ఉద్యోగి. ఆ రోజుల్లో జర్మన్ సైన్యంలో పెద్ద పదవులు ఎక్కువగా జమీందారీ కుటుంబాల చేతుల్లో ఉండేవి. అలాంటి వారి ఇంటిపేరుకు ముందు 'ఫాన్' అని ఉంటుంది. చాలామంది ఇతన్ని కూడా 'ఫాన్ పౌలస్' అని రాస్తుంటారు. అది తప్పు. అతను పుట్టుకతో పెద్దింటివాడు కాదు. పై మెట్టు ఎక్కడానికి అతనికున్న ఆధారం కష్టపడి పనిచేయడమే.

1909లో హైస్కూలు పూర్తిచేసి నౌకాదళంలో చేరాలనుకున్నాడు. వాళ్ళు తీసుకోలేదు. మార్‌బుర్గ్ విశ్వవిద్యాలయంలో కొద్దికాలం న్యాయశాస్త్రం చదివాడు. 1910లో ఆ చదువు వదిలి 111వ పదాతి రెజిమెంటులో ఆఫీసర్ శిక్షణకు చేరాడు. 1912లో రొమేనియాకు చెందిన ఉన్నత వంశపు యువతి ఎలెనా రోసెట్టి సొలెస్కూను పెళ్ళి చేసుకున్నాడు.

మొదటి ప్రపంచ యుద్ధంలో

1914లో యుద్ధం మొదలైనప్పుడు పౌలస్ రెజిమెంటు ఫ్రాన్స్ మీదికి వెళ్ళింది. కొన్ని నెలల తరువాత అతను జబ్బుపడ్డాడు. కోలుకున్నాక 'ఆల్పెన్‌కోర్' అనే పర్వత దళంలో స్టాఫ్ పనికి మారాడు. ఫ్రాన్స్, సెర్బియా, రొమేనియా రంగాల్లో పనిచేశాడు. 1918లో యుద్ధం ముగిసేసరికి కెప్టెన్ అయ్యాడు.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. పౌలస్ మొదటి యుద్ధాన్ని ఎక్కువ భాగం మ్యాపుల వైపు నుంచి చూశాడు. ఏ రంగంలో ఎంత సైన్యం ఉంది, ఎన్ని గుండ్లు మిగిలాయి అన్న కోణంలో అతని బుద్ధి పదునెక్కింది. నలుగురిని తన మాట మీద నిలబెట్టి, ఎదురుదెబ్బ తగిలినప్పుడు అక్కడికక్కడే నిర్ణయం తీసుకునే అనుభవం మాత్రం అతనికి పెద్దగా దక్కలేదు. ఈ లోటు పాతికేళ్ళ తరువాత బయటపడింది.

రెండు యుద్ధాల నడుమ

1919 వర్సెయిల్స్ సంధి జర్మన్ సైన్యాన్ని లక్ష మందికి కుదించింది. ఆఫీసర్లు 4,000 మందికి మించరాదంది. జనరల్ స్టాఫ్‌ను పూర్తిగా రద్దు చేయమంది. వేలాది ఆఫీసర్లు ఇంటిదారి పట్టారు. అలాంటి వడపోతలో కూడా పౌలస్ నిలిచాడంటే అతని పనితనం ఎంతటిదో అర్థమవుతుంది. జర్మనీ జనరల్ స్టాఫ్‌కు వేరే పేర్లు పెట్టి ఆ పనిని చాటుగా కొనసాగించింది. పౌలస్ కూడా ఆ పనుల్లోనే ఎదిగాడు.

కొంతకాలం స్టుట్‌గార్ట్‌లో 13వ పదాతి రెజిమెంటులో కంపెనీ కమాండర్‌గా ఉన్నాడు. తరువాత 'ఎడారి నక్క'గా పేరుపొందిన రోమెల్ కూడా అప్పట్లో అదే రెజిమెంటులో ఉన్నాడు. ఒకే చోట పనిచేసినా ఇద్దరి స్వభావాలు వేరు. రోమెల్ ముందుకు దూకే రకం. పౌలస్ పది సార్లు ఆలోచించి, కాగితం మీద పెట్టి, మళ్ళీ దిద్దే రకం. మనిషి పొడగరి, శుభ్రతంటే పట్టింపు, మాట మెత్తన.

1933లో హిట్లర్ అధికారంలోకి వచ్చాక సైన్యం శరవేగంగా పెరిగింది. ఉద్యోగోన్నతులు కూడా అలాగే వచ్చాయి. 1935లో టాంకు దళాల ప్రధాన కార్యాలయంలో చీఫ్ ఆఫ్ స్టాఫ్ అయ్యాడు. తరువాత టాంకు యుద్ధ నిపుణుడు గుడేరియన్ దగ్గర అదే పని చేశాడు. పౌలస్ తెలివైనవాడు, శ్రమజీవి అని గుడేరియన్ మెచ్చుకున్నాడు. అయితే గట్టి నిర్ణయాలు తీసుకోగలడా అని సందేహించాడు కూడా.

రష్యా మీద దాడికి పథకం

1939లో పోలండ్ మీద, 1940లో హాలండ్, బెల్జియం మీద జరిగిన దాడుల్లో పౌలస్ జనరల్ రైఖెనావ్‌కు చీఫ్ ఆఫ్ స్టాఫ్. రైఖెనావ్ మొరటు మనిషి, నాజీ అభిమాని. కాగితం పనంటే అతనికి విసుగు. పౌలస్‌కు అదే ప్రాణం. ఇద్దరి జోడీ బాగా కుదిరింది.

1940 సెప్టెంబరులో పౌలస్ సైన్య ప్రధాన కార్యాలయానికి వచ్చి, చీఫ్ ఆఫ్ జనరల్ స్టాఫ్ హాల్డర్‌కు ముఖ్య సహాయకుడయ్యాడు. అక్కడ అతనికి అప్పగించిన పని సోవియట్ యూనియన్ మీద దాడికి పథకం తయారుచేయడం. దీనికే 'బార్బరొసా' అని పేరు పెట్టారు.

ఆ ఏడాది చివర్లో పౌలస్ ఆధ్వర్యంలో యుద్ధ క్రీడలు జరిగాయి. అంటే మ్యాపుల మీద రెండు పక్షాలుగా విడిపోయి ఉత్తుత్తి యుద్ధం చేసి చూడడం. దాని ఫలితాలు చూస్తే భయం వేస్తుంది. రష్యా లోపలికి వెళ్ళేకొద్దీ భూమి గరాటు మూతిలా వెడల్పవుతుంది. దాంతో దళాల మధ్య ఖాళీలు పెరుగుతాయి. చేతిలో ఉన్న సైన్యం బొటాబొటిగా సరిపోతుంది. సరఫరాలు అందించడం కష్టమవుతుంది.

ఒక్క రైలు సంగతే చూడండి. జర్మనీ రైలు పట్టాల మధ్య దూరం 1,435 మిల్లీమీటర్లు. అప్పట్లో రష్యాలో 1,524 మిల్లీమీటర్లు. తేడా 89 మిల్లీమీటర్లే. కానీ ఆ తేడా వల్ల జర్మన్ రైలు సరిహద్దు దాటదు. మీటర్ గేజి నుంచి బ్రాడ్ గేజికి మార్చడానికి మన దగ్గర ఎన్నేళ్ళు పట్టిందో పెద్దలను అడిగితే చెబుతారు. అక్కడ ఆ మార్పు యుద్ధం నడుస్తుండగా, శత్రువు కాల్పుల మధ్య వందల కిలోమీటర్ల పొడవునా చేయాలి.

ఇవన్నీ పౌలస్‌కు తెలుసు. అయినా పథకం ఆగలేదు. 1940 డిసెంబరు 18న హిట్లర్ ఆదేశం మీద సంతకం పెట్టాడు. 1941 జూన్ 22న ముప్పై లక్షలకు పైగా జర్మన్ సైనికులు సరిహద్దు దాటారు.

ఆ పథకంలో మరో దారుణం ఉంది. సైన్యానికి కావలసిన తిండిని ఆక్రమించిన ప్రాంతపు ప్రజల నుంచే లాక్కోవాలన్నది అందులో భాగం. యూదుల సామూహిక హత్యలు సైన్యం వెనుకే నడిచాయి. 1941 సెప్టెంబరు 29, 30 తేదీల్లో కీవ్ దగ్గర బాబీ యార్ లోయలో 33,771 మంది యూదులను కాల్చి చంపారు. ఆ ప్రాంతం అప్పుడు రైఖెనావ్ నడిపే ఆరవ సైన్యం చేతుల్లో ఉంది. జర్మన్ల చేతికి చిక్కిన సుమారు 57 లక్షల సోవియట్ యుద్ధఖైదీల్లో 33 లక్షల దాకా చనిపోయారు. పథకం రాసిన కలం ఈ రక్తానికి దూరమని ఎవరూ అనలేరు.

ఆరవ సైన్యం అధిపతిగా

1942 జనవరిలో రైఖెనావ్ చనిపోయాడు. ఆ నెలలోనే ఆరవ సైన్యం పగ్గాలు పౌలస్ చేతికి వచ్చాయి. అప్పటిదాకా అతను ఒక డివిజన్‌కు గానీ, కోర్‌కు గానీ కమాండర్‌గా పనిచేయలేదు. ఇప్పుడు ఒకేసారి లక్షల మంది సైన్యానికి అధిపతి అయ్యాడు.

మొదట్లో అంతా బాగానే నడిచింది. మే నెలలో ఖార్కోవ్ దగ్గర జరిగిన యుద్ధంలో రెండు లక్షలకు పైగా సోవియట్ సైనికులు పట్టుబడ్డారు. పౌలస్ పేరు పత్రికలకెక్కింది. ఆగస్టు 23న అతని దళాలు స్టాలిన్‌గ్రాడ్ ఎగువన వోల్గా నదిని చేరాయి. అదే రోజు జర్మన్ విమానాలు నగరం మీద బాంబులు కురిపించాయి. వేలాది పౌరులు చనిపోయారు.

సెప్టెంబరు నుంచి వీధి వీధికీ, ఇంటి ఇంటికీ యుద్ధం. మ్యాపు మీద వేలు పెట్టి చూపే యుద్ధం కాదిది. ఒక ఇంట్లో కింది అంతస్తు ఒకరిది, పై అంతస్తు మరొకరిది. జనరల్ చుయికోవ్ నాయకత్వంలోని సోవియట్ 62వ సైన్యం వోల్గా ఒడ్డున సన్నని చారంత నేలను పట్టుకుని వేలాడింది. వదల్లేదు.

వలయంలో చిక్కిన సైన్యం

1942 నవంబరు 19న సోవియట్ సైన్యం ఎదురుదాడి మొదలుపెట్టింది. నగరానికి అటూ ఇటూ పక్కలను కాస్తున్న బలహీనమైన రొమేనియా దళాల మీద విరుచుకుపడింది. నాలుగు రోజుల్లో, నవంబరు 23న, రెండు కొసలు కలాచ్ దగ్గర కలిశాయి. రెండున్నర లక్షలకు పైగా మనుషులు వలయంలో చిక్కారు.

వెంటనే బయటపడటానికి స్వేచ్ఛ ఇవ్వమని పౌలస్ హిట్లర్‌ను కోరాడు. ఈ మాట కూడా చెప్పడం న్యాయం. హిట్లర్ ఒప్పుకోలేదు. అక్కడే నిలబడమన్నాడు. విమానాల ద్వారా సరఫరా చేస్తామని వైమానిక దళాధిపతి గోరింగ్ మాట ఇచ్చాడు.

ఇక్కడ మనం కూడా ఒక లెక్క చేసి చూద్దాం. ఆ సైన్యం బతకడానికి రోజుకు సుమారు 500 టన్నుల సరుకు కావాలి. రవాణాకు వాడే జుంకర్స్ 52 విమానం మోయగలిగేది రెండు టన్నుల చిల్లర. అంటే రోజుకు దాదాపు 250 విమానాలు మంచులో, కాల్పుల మధ్య దిగి వెళ్ళాలి. నిజంగా అందింది సగటున సుమారు 100 టన్నులు. ఐదు వంతుల్లో ఒక వంతు! హైస్కూలు పిల్లవాడు చేయగలిగే లెక్క ఇది. జీవితమంతా ఇలాంటి లెక్కలే చేసిన పౌలస్‌కు ఇది తెలియకుండా ఉంటుందా?

నవంబరు 25న అతని కింది జనరల్ సైడ్లిట్జ్ ఒక లేఖ రాశాడు. హిట్లర్ ఆజ్ఞ కోసం చూడకుండా బయటపడదామని, సైనికుల పట్ల బాధ్యత అదే కోరుతోందని అందులోని సారాంశం. పౌలస్ ఒప్పుకోలేదు. డిసెంబరు 12న మాన్‌స్టైన్ నాయకత్వంలో బయటి నుంచి సహాయక దళాలు బయలుదేరి, సుమారు 50 కిలోమీటర్ల దూరం దాకా రాగలిగాయి. లోపలి టాంకుల్లో మిగిలిన పెట్రోలు 30 కిలోమీటర్లకు మాత్రమే సరిపోతుంది. హిట్లర్ అనుమతి రాలేదు. పౌలస్ కదల్లేదు. సహాయక దళాలు వెనుదిరిగాయి.

ఆ తరువాత జరిగింది ఆకలి చావు. గుర్రాలను కోసుకు తిన్నారు. మనిషికి దక్కే రొట్టె రోజుకు 100 గ్రాముల కిందికి పడిపోయింది. చలికి వేళ్ళు ఊడిపోయాయి. జనవరి 8న సోవియట్ సైన్యం లొంగిపొమ్మని గడువు ఇచ్చింది. ఆజ్ఞ లేదని పౌలస్ తిరస్కరించాడు. జనవరి 10న ఆఖరి దాడి మొదలైంది. ఆ నెలలోనే విమానాశ్రయాలు చేజారాయి. లొంగిపోవడానికి అనుమతి అడిగితే హిట్లర్ మళ్ళీ కాదన్నాడు.

పాటించని ఒకే ఒక్క ఆజ్ఞ

1943 జనవరి 30 నాజీలు అధికారానికి వచ్చి పదేళ్ళు నిండిన రోజు. ఆ రోజు హిట్లర్ పౌలస్‌ను ఫీల్డ్ మార్షల్‌గా చేశాడు. అది బహుమతి కాదని అందరికీ అర్థమైంది. అప్పటిదాకా ఏ జర్మన్ ఫీల్డ్ మార్షల్ కూడా శత్రువుకు ప్రాణాలతో చిక్కలేదు. అంటే చావమని చెప్పకనే చెప్పడం. పౌలస్ ఆ పని చేయలేదు. మర్నాడు, జనవరి 31 ఉదయం, నగర మధ్యంలోని యూనివెర్‌మాగ్ అనే పెద్ద దుకాణం నేలమాళిగలో సోవియట్ సైనికులకు పట్టుబడ్డాడు. ఫిబ్రవరి 2న ఉత్తరాన మిగిలిన దళాలు కూడా లొంగిపోయాయి.

బతకాలనుకోవడం తప్పు కాదు. ఎవరి కోసమో ప్రాణం తీసుకోవడం గొప్పతనం కానే కాదు. కానీ మనకు బాధ కలిగించేది మరొకటి ఉంది. తన ప్రాణం మీదికి వచ్చినప్పుడు కాదనగలిగిన మనిషి, రెండు నెలల ముందు లక్షల ప్రాణాల కోసం కాదనలేకపోయాడు.

ఖైదీలుగా చిక్కిన వారు సుమారు 91,000 మంది. వారిలో సొంత ఊళ్ళకు తిరిగి చేరింది ఐదారు వేల మందే. ఆఖరివాళ్ళు 1955 దాకా రాలేదు. సోవియట్ పక్షాన ఈ ఒక్క యుద్ధంలో చనిపోయినవారు, గల్లంతైనవారు సుమారు 4 లక్షల 78 వేల మంది. వాళ్ళలో ఎక్కువమంది మనలాగే రైతుల, కూలీల బిడ్డలు.

యుద్ధం తరువాత

బందీగా ఉన్న పౌలస్ మొదట ఎటూ తేల్చుకోలేదు. 1944 జూలై 20న హిట్లర్‌ను చంపడానికి జర్మన్ ఆఫీసర్లు చేసిన ప్రయత్నం విఫలమైంది. ఆ వార్త విన్నాక, ఆగస్టులో, హిట్లర్‌ను వదిలించుకోమని జర్మన్లకు బహిరంగంగా పిలుపునిచ్చాడు. దాంతో జర్మనీలోని అతని కుటుంబం నాజీల కక్షకు గురైంది. కవల కొడుకుల్లో ఒకడు అదే ఏడాది ఫిబ్రవరిలో ఇటలీ యుద్ధరంగంలో చనిపోయాడు.

1946 ఫిబ్రవరిలో నూరెంబర్గ్ విచారణలో సాక్షిగా నిలబడ్డాడు. రష్యా మీద దాడి ముందస్తు పథకం ప్రకారం జరిగిందని చెప్పాడు. కైటెల్, జోడల్, గోరింగ్ బాధ్యులని పేర్లతో చెప్పాడు. ఆ పథకం తయారుచేసిన బల్ల దగ్గర తానూ కూర్చున్నవాడే. అదే విచారణ ఒక గొప్ప సూత్రాన్ని స్థాపించింది. పై అధికారి ఆజ్ఞ ఇచ్చాడన్న కారణం నేరస్థుడిని బాధ్యత నుంచి తప్పించదు.

1953లో విడుదలై తూర్పు జర్మనీలోని డ్రెస్డెన్ నగరంలో స్థిరపడ్డాడు. సైనిక చరిత్ర పరిశోధనలో మిగిలిన రోజులు గడిపాడు. భార్య ఎలెనా 1949లోనే చనిపోయింది. 1942 తరువాత వాళ్ళిద్దరూ మళ్ళీ కలుసుకోలేదు. పౌలస్ 1957 ఫిబ్రవరి 1న కన్నుమూశాడు. స్టాలిన్‌గ్రాడ్ పేరు 1961లో వోల్గోగ్రాడ్‌గా మారింది. అతను పట్టుబడిన నేలమాళిగ తరువాత మ్యూజియంగా మారింది.

వేరే దారి లేదా?

పౌలస్‌ను సమర్థించేవారు రెండు మాటలంటారు. ఒకటి, వలయం నుంచి బయటపడాలని చూసినా ఆ చలిలో, ఆ పెట్రోలుతో సగం దారిలోనే నాశనమయ్యేవారు. రెండు, ఆరవ సైన్యం అక్కడ నిలబడటం వల్లే కాకసస్‌లోని జర్మన్ దళాలు తప్పించుకోగలిగాయి. ఈ వాదనల్లో కొంత నిజం ఉంది. కానీ జనవరిలో, తిండీ మందులూ అయిపోయి గెలుపు ఆశ లేనప్పుడు కూడా యుద్ధం మూడు వారాలు ఎందుకు సాగిందన్న ప్రశ్నకు అవి పూర్తిగా జవాబు చెప్పలేవు.

అదే జనరల్ స్టాఫ్‌లో మరో మనిషి ఉండేవాడు. పేరు లుడ్విగ్ బెక్. మొదటి యుద్ధంలో స్టాఫ్ ఆఫీసర్. 1935 నుంచి చీఫ్ ఆఫ్ జనరల్ స్టాఫ్. 1933లో హిట్లర్ రాకను అతను కూడా ఆహ్వానించినవాడే. కానీ 1938లో చెకోస్లొవేకియా మీదికి యుద్ధానికి సిద్ధమవమన్నప్పుడు, ఇది జర్మనీకి నాశనమని నివేదిక మీద నివేదిక రాశాడు. తెలివి, మనస్సాక్షి, బాధ్యత కాదన్నచోట సైనికుడి విధేయత ఆగిపోవాలన్నది అతని వాదన. ఎవరూ వినకపోతే ఆగస్టులో రాజీనామా చేశాడు. 1944 జూలై 20 కుట్రలో పాల్గొని ఆ రాత్రే ప్రాణం కోల్పోయాడు. బెక్ యుద్ధాన్ని ఆపలేకపోయాడు. కానీ వేరే దారి ఉందని చూపించాడు. అదే శిక్షణ, అదే చారల ప్యాంటు, అదే బల్ల. దారులు మాత్రం వేరయ్యాయి.

మనకు ఏమిటి?

తమ్ముళ్ళారా, చెల్లెళ్ళారా! మన ఇళ్ళలో కాలేజీ గడప తొక్కింది చాలావరకు మనమే మొదలు. ఉద్యోగం వస్తే చాలు, పై అధికారి మెచ్చుకుంటే చాలు అనిపించడం సహజం. ఇంట్లో వాళ్ళు కూడా 'ఎదురు చెప్పకు నాయనా, ఉన్నది పోగొట్టుకోకు' అనే చెబుతారు. వారి భయం వారు పడ్డ కష్టాల్లోంచి వచ్చింది. దాన్ని మేము తేలిగ్గా తీసుకోవడం లేదు. పౌలస్ కూడా ఒక మామూలు ఉద్యోగి కొడుకే. ఎక్కిన మెట్టు జారిపోతుందేమో అన్న భయం అతని విధేయతలో ఎంతో కొంత ఉండే ఉంటుందని మా ఊహ.

రేపు మనలో ఒకరు కానిస్టేబుల్ కావచ్చు, ఒకరు ఆఫీసులో ఫైలు రాసే గుమాస్తా కావచ్చు, ఒకరు ఇంజనీరు కావచ్చు. లెక్క తప్పని తెలిసిన కాగితం ఏదో ఒక రోజు మన బల్ల మీదికి వస్తుంది. ఆ రోజు మనకు ఫీల్డ్ మార్షల్ పదవి అక్కర్లేదు. 'అయ్యా, ఈ లెక్క కుదరదు, దీనివల్ల ఫలానావాళ్ళు నష్టపోతారు' అని మర్యాదగా, గట్టిగా, కాగితం మీద రాయగల ధైర్యం ఉంటే చాలు. లెక్క చేయడం చదువులో సగం. వచ్చిన జవాబును పైకి చెప్పడం మిగతా సగం. మొదటి సగంలో పౌలస్‌కు నూటికి నూరు మార్కులు వేయవచ్చు. రెండో సగంలో అతను తెల్ల కాగితం ఇచ్చి వచ్చాడు.